మా వీధి ఫైబర్ నెట్ ఆరు నెలల రివ్యూ: స్పీడ్ సరే సామీ, కాల్ ఏ దారిన పోతా ఉంది?

తిరుపతి కొర్లగుంటలో మా వీధికి ఒక లోకల్ కేబుల్ ఆయన ఫైబర్ లాగి ఆరు నెలలైంది. పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో పొగడ్తలూ ఉన్నాయి తిట్లూ ఉన్నాయి, పైగా ఆయన రోజూ పొద్దున టీ అంగడి కాడ కనపడతాడు. ప్లాన్ 100 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్ట్ పెడితే 95కి తగ్గదు, రాత్రి తొమ్మిదికి అందరూ టీవీ ముందు కూర్చున్నా సినిమా ఎక్కడా ఆగదు. మామూలుగా అయితే ఇక్కడికి ఐదు స్టార్లు కొట్టేసి వెళ్ళిపోయేవాణ్ణి. మా అక్క లేకపోయుంటే అట్నే చేసుండేవాణ్ణి కూడా.

అక్క ఉండేది చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, వీణ నేర్పుతుంది. మా పాపకి తొమ్మిదేళ్ళు, వారానికి మూడు రోజులు సాయంత్రం బ్రౌజర్‌లోనే క్లాసు. బెంగళూరులో ఉండే నా ఫ్రెండ్ ఒకడు సొంతంగా రాసుకున్న చిన్న పేజీ అది, యాప్ ఏమీ వేసుకోనక్కర్లేదు, లింకు నొక్కితే ఇద్దరి బ్రౌజర్లూ నేరుగా మాట్లాడుకుంటాయి, అంటే వెబ్‌ఆర్‌టీసీ. సరళీ వరసలు మొదటి కాలంలో బాగానే నడిచాయి. రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, ఎత్తుకున్నాక గొడవ మొదలైంది. అక్క అక్కడ తాళం వేస్తుంది, పాప ఇక్కడ వాయిస్తుంది, "తాళం తప్పుతా ఉందిరా, నువ్వు దగ్గర కూర్చుని ప్రాక్టీస్ చేయించట్లేదు" అని నాకు తిట్లు, పాపకి ఏడుపు. నేను పక్కన కూర్చుని చూస్తే పిల్ల తాళంలోనే ఉంది! ఒక నెల రోజులు ఈ పంచాయితీ నడిచింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. "సార్ స్పీడ్ టెస్ట్ పెట్టి స్క్రీన్‌షాట్ పంపండి" అన్నారు, పంపితే "సార్ 96 వస్తా ఉంది కదా" అన్నారు. నిజమే కదా మరి, 96 వస్తా ఉంది, ఇంక నేనేం అనేది.

ఆ రోజు రాత్రి క్రోమ్‌లో వెబ్‌ఆర్‌టీసీ ఇంటర్నల్స్ అనే పేజీ తెరిచా (ఫైర్‌ఫాక్స్‌లో కూడా ఇట్లాంటిదే ఉంది, అబౌట్ వెబ్‌ఆర్‌టీసీ అని). కాల్ నడుస్తా ఉండగా ఇంకో ట్యాబ్‌లో ఇది తెరిస్తే లోపల జరిగే భాగోతం మొత్తం కనపడుతుంది, చాలామందికి ఇదొకటి ఉందనే తెలీదు. అందులో సెలెక్టెడ్ క్యాండిడేట్ పెయిర్ (కాల్ కోసం ఎంచుకున్న దారి) అనే చోట చూస్తే రిలే అని ఉంది. రౌండ్ ట్రిప్, అంటే మాట పోయి రావడానికి పట్టే టైం, 190 మిల్లీసెకన్ల దగ్గర ఆడతా ఉంది. అంటే తిరుపతి నుంచి డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న చిత్తూరుకి పోయే మాట, నా ఫ్రెండ్ సింగపూర్‌లో పెట్టుకున్న సర్వర్‌కి పోయి, సముద్రం దాటి మళ్ళీ వెనక్కొచ్చి అక్క చెవిలో పడతా ఉంది. పూతలపట్టు మీదుగా బస్సులో గంటన్నరలో పోయే ఊరికి ఇదేం ప్రయాణం అబ్బా.

ఇప్పుడు తాళం లెక్క చూడండి. అక్షరానికి, అంటే తాళంలో ఒక్క దెబ్బకి, ఒక సెకను అనుకుంటే మొదటి కాలంలో స్వరానికి సెకను, రెండో కాలంలో అర సెకను, మూడో కాలంలో పావు సెకను. అక్క వేసిన తాళం పాపకి చేరడానికి కొంత, పాప వాయించింది అక్కకి చేరడానికి ఇంకొంత, దాని మీద బ్రౌజర్ సౌండ్ అతుకులు పడకుండా పట్టి ఉంచే బఫర్ రెండు వైపులా, అన్నీ కలిపితే 300 మిల్లీసెకన్లు ఈజీగా దాటుతుంది. మూడో కాలంలో ఒక స్వరం పైనే వెనకపడినట్టు వినపడుతుంది అక్కకి. పిల్ల తప్పేం లేదు పాపం.

మరి దగ్గరి దారి వదిలేసి బ్రౌజర్ సింగపూర్ ఎందుకు ఎంచుకుంది అనేది అసలు విషయం. ఈ రివ్యూలో స్టార్లు తగ్గడానికీ తర్వాత పెరగడానికీ అదే కారణం కాబట్టి రవంత ఓపిగ్గా చదవండి.

రెండు బ్రౌజర్లు నేరుగా కలవాలంటే ముందు "నన్ను ఈ అడ్రస్‌లలో పట్టుకోవచ్చు" అని ఒకదానికొకటి లిస్టు ఇచ్చుకుంటాయి, ఆ లిస్టులో ఒక్కో అడ్రస్సూ ఒక క్యాండిడేట్. పెళ్ళి పత్రిక పంపడానికి అడ్రస్ అడిగితే మనం చెప్పే తీరు గుర్తు తెచ్చుకోండి. ఒకటి ఇంటి లోపలి అడ్రస్, లాప్‌టాప్‌కి రౌటర్ ఇచ్చింది, 192.168 అని మొదలయ్యేది, దీన్ని హోస్ట్ అంటారు. రెండోది బయట వాళ్ళకి మనం ఎట్ట కనపడతామో ఆ అడ్రస్, అది మనకే తెలీదు, అందుకని స్టన్ అనే సర్వర్‌ని "నేను నీకు ఏ నంబరుతో కనపడతా ఉన్నా" అని అడిగి తెచ్చుకుంటుంది, ఇది సర్వర్ రిఫ్లెక్సివ్. మూడోది కేరాఫ్ అడ్రస్, "మా ఇల్లు దొరక్కపోతే సెంటర్లో మా మామ అంగడిలో ఇచ్చేయండి" అంటాం చూడండి, అదే రిలే, ఆ అంగడి పేరు టర్న్ సర్వర్. ఇవి కాక పీర్ రిఫ్లెక్సివ్ అని ఇంకోటి ఉంది, లిస్టులో ఎవరూ చెప్పని అడ్రస్ నుంచి అవతలి వాళ్ళ పలకరింపు వచ్చిందనుకోండి, ఓహో నువ్వు ఇట్టా కూడా ఉన్నావా అని అప్పటికప్పుడు రాసుకునేది.

వీటికి మార్కులు వేసే పద్ధతికి ఐస్ అని పేరు, ఇంటరాక్టివ్ కనెక్టివిటీ ఎస్టాబ్లిష్‌మెంట్ అని పూర్తి పేరు. 2010లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసి పెట్టే పత్రం) 5245గా వచ్చింది, 2018లో 8445గా తిరగరాశారు. రకాన్ని బట్టి మార్కు: హోస్ట్‌కి 126, పీర్ రిఫ్లెక్సివ్‌కి 110, సర్వర్ రిఫ్లెక్సివ్‌కి 100, రిలేకి సున్నా. ఈ మార్కుని 2 టు ది పవర్ 24తో గుణిస్తారు, దానికి లోకల్ ప్రిఫరెన్స్ అనే, ఒకే రకం అడ్రస్‌లలో ఏది ముందో చెప్పే ఇంకో మార్కుని 256తో గుణించి కలుపుతారు, చివర్లో 256 లోంచి కాంపోనెంట్ (కాల్‌లో ఒక్కో భాగం) నంబరు తీసేసి అదీ కలుపుతారు. అందుకే ఆ పేజీలో 2122260223 లాంటి పొడుగు నంబర్లు కనపడతాయి. మొదట చూసినప్పుడు ఎవరిదో ఫోన్ నంబరేమో అనుకున్నా! విడగొడితే 126 బయటకొచ్చింది, అంటే హోస్ట్. దాని కింద 1686052607, అది 100, స్టన్ చెప్పిన అడ్రస్. అట్టడుగున 41885439, విడగొడితే 2 వస్తుంది. రిలేకి సున్నా కదా రెండెందుకు అని నేనూ తల గోక్కున్నా, క్రోమ్ యూడీపీ మీద పోయే రిలేకి 2, టీసీపీ మీద అయితే 1, టీఎల్ఎస్ మీద అయితే 0 వేసుకుంటుందంట (ఈ మూడూ డేటా పంపే పద్ధతులు), రిలేల్లో కూడా కొంచెం మంచి రిలే ముందు రావాలని.

గమనించారా, ఈ మార్కుల్లో ఎక్కడా స్పీడ్ లేదు. నా 100 ఎంబీపీఎస్ ఇక్కడ దేనికీ పనికిరాదు. మధ్యలో ఎంతమంది ఉన్నారనేదే చూస్తుంది, ఎవరూ లేకపోతే పైన, కేరాఫ్ అయితే అట్టడుగున.

ఇక్కడి నుంచి జంట వరసలు మొదలవుతాయి, వీణలోవి కాదు. నా వైపు ప్రతి క్యాండిడేట్‌నీ అక్క వైపు ప్రతి క్యాండిడేట్‌తో జత కట్టి ఆ జంటకి ఇంకో మార్కు వేస్తారు: ఇద్దరిలో తక్కువ మార్కు ఉన్నవాడి నంబరుని 2 టు ది పవర్ 32తో గుణించి, ఎక్కువ ఉన్నవాడిది రెండింతలు చేసి కలపడం, సరిగ్గా సమానం కాకుండా ఉంటే ఎవరిది పెద్దదనే దాన్ని బట్టి ఇంకో ఒకటి. అంటే జంటలో బలహీనుడి మార్కే లెక్క. నేను 126తో ఎగిరినా అక్క వైపు రిలే ఉంటే ఆ జంట కిందికే పోతుంది. నాకు ఇది నిండా నచ్చింది, సంబంధాలు చూసేవాళ్ళు కూడా ఇంత కచ్చితంగా లెక్క వేయరు.

ఆ తర్వాత పైనుంచి కిందికి ఒక్కో జంటకీ చిన్న పలకరింపు ప్యాకెట్ పంపి చూస్తారు, మామూలుగా 50 మిల్లీసెకన్లకి ఒకటి. జవాబొచ్చిన జంట పాస్, రాకపోతే ఫెయిల్. పాసైన వాటిలోంచి కాల్ కంట్రోల్ చేసే వైపు ఒకదాన్ని ఖాయం చేస్తుంది. అంటే మార్కులు ఎక్కువ ఉన్నంత మాత్రాన సీటు రాదు, మార్కులు క్యూలో వరస మాత్రమే, దారి తెరుచుకుని ఉంటేనే లోపలికి. మా విషయంలో పైన ఉన్నవన్నీ ఫెయిలై చివర్న అట్టడుగు మార్కులోడు, రిలే, ఒక్కడే పాసయ్యాడు, అందుకని సింగపూర్.

ఎందుకు ఫెయిలైనట్టు? రౌటర్ పేజీలోకి పోయి వ్యాన్ ఐపీ (కంపెనీ మన రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) చూశా, 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉండే నంబర్లు క్యారియర్ గ్రేడ్ నాట్ (ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్ళకి పంచే పద్ధతి) కోసమని 2012లోనే పక్కన పెట్టినవి, మన కేబుల్ ఆయన వీధి మొత్తానికీ, బహుశా ఇంకో నాలుగు వీధులకీ కలిపి బయటికి ఒకే పబ్లిక్ ఐపీ చూపిస్తా ఉన్నాడన్నమాట. ఐపీవీ4 (పాత రకం ఇంటర్నెట్ అడ్రస్) నంబర్లకి కరువు కాబట్టి అందులో ఆయన్ని తప్పు పట్టను, పెద్ద పెద్దోళ్ళూ ఇదే చేస్తారు. కానీ ఆయన బాక్సు ఇంకో పని చేస్తా ఉంది, అవతలి అడ్రస్ మారినప్పుడల్లా బయటి పోర్టు నంబరు (అడ్రస్‌లో తలుపు నంబరు లాంటిది) కూడా మార్చేస్తుంది. రెండు వేరే వేరే స్టన్ సర్వర్లని అడిగితే రెండు వేరే పోర్టులు చెప్పాయి, అదీ రుజువు. సిమెట్రిక్ నాట్ అంటారు దీన్ని. స్టన్ సర్వర్ నాకు చెప్పిన నంబరు స్టన్‌తో మాట్లాడినంత వరకే చెల్లుతుంది, అక్క ఆ నంబరుకి పంపితే తలుపు మూసే ఉంటుంది. అక్క మొబైల్ నెట్ మీద ఉంది, అక్కడ ఐపీవీ4 కథ కూడా ఇంతే. రెండు వైపులా ఇట్ట ఉంటే ఇంక కేరాఫ్ అంగడే గతి.

ఆ అంగడి ఊరికే నడవదు. కాల్ ఒక్కో వైపుకి 1.5 ఎంబీపీఎస్ అనుకుంటే గంటకి ఒక్కో దిక్కుకి 675 ఎంబీ, రెండు దిక్కులూ కలిపి 1.35 జీబీ మా వాడి సర్వర్ మోస్తుంది, బిల్లు వాడు కడతాడు. నాకీ సంగతి తెలిసినప్పుడు సిగ్గేసింది, నెల రోజులుగా పాప వీణ వాడి ఖర్చుతో సింగపూర్ తిరిగొస్తా ఉంది.

మళ్ళీ కేర్‌కి ఫోన్ చేశా, సిమెట్రిక్ నాట్ అన్నా. "సార్ రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. స్టాటిక్ ఐపీ కావాలంటే నెలకి ఇంకో రెండొందలు అన్నారు, అదీ "హెడ్డాఫీసు నుంచి రావాలి సార్" అన్నారు. ఇక్కడ ఒక స్టార్ పోయింది, నిర్మొహమాటంగా.

కాపాడింది లైన్ చూసే అబ్బాయి. ఇరవై రెండేళ్ళుంటాయేమో, వచ్చి రౌటర్ చూసి "అన్నా మనకి ఐపీవీ6 వస్తుంది, ఈ బాక్సులో ఆఫ్ చేసి పెట్టినారు, ఆన్ చేద్దామా, కేర్ వాళ్ళకి చెప్పొద్దు" అన్నాడు. చెప్పొద్దని ఎందుకన్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాలా. ఆన్ చేసి రౌటర్ రీస్టార్ట్ చేశాడు, రెండు నిమిషాల పని.

ఐపీవీ6 అంటే కొత్త రకం అడ్రస్, అందులో లాప్‌టాప్‌కి నేరుగా బయటి ప్రపంచపు అడ్రస్ వస్తుంది, మధ్యలో నంబర్లు మార్చే నాట్ గొడవ లేదు. అక్క మొబైల్ నెట్‌లో ఐపీవీ6 ముందు నుంచే ఉంది, మా వైపు లేకపోవడం వల్ల జత కుదర్లేదంతే. ఇప్పుడు లిస్టులో కొత్త హోస్ట్ వచ్చింది, నంబరు 2122262783. దాంట్లోంచి పాత హోస్ట్ 2122260223ని తీసేస్తే తేడా 2560, అంటే పది ఇంటూ 256. ఆ పది ఎక్కడిదంటే క్రోమ్ లోకల్ ప్రిఫరెన్స్‌లో ఐపీవీ6కి 40, ఐపీవీ4కి 30 కలుపుతుంది. పది మార్కులే ఎక్కువ, కానీ క్యూలో అదే ముందు, పలకరింపు ముందు దానికే పోయింది, జవాబు వచ్చింది. రౌటర్‌లో ఫైర్‌వాల్ ఉంటుంది కదా బయటి ప్యాకెట్‌ని రానిస్తుందా అని అనుమానం రావచ్చు, ఇద్దరూ ఒకే టైంలో ఒకరికొకరు పంపుకుంటారు కాబట్టి నేను పంపినదానికి జవాబేమో అనుకుని ఫైర్‌వాల్ దారి ఇస్తుంది. నంబర్లు మారకపోతే ఈ ఉపాయం బాగా పారుతుంది.

రౌండ్ ట్రిప్ 190 నుంచి 35, 40 మధ్యకి దిగింది. అక్క ఆ రోజు క్లాసులో "ఈరోజు బాగా ప్రాక్టీస్ చేసినట్టుందే" అంది. పాప నా వైపు ఒక చూపు చూసింది చూడండి. జంట వరసలు రెండో కాలం వచ్చేసింది, మూడో కాలం ఇంకా అతుకుతా ఉంది, అది మాత్రం నిజంగా పిల్లదే.

ఇంట్లో ఇంకో రెండు విషయాలు తేలాయి, అవీ రాస్తా. ఒకటి, వైఫై, వైర్ రెండూ పెట్టి ఉంచితే క్రోమ్ దేన్ని ఎంచుకుంటుంది అని చూశా. క్యాండిడేట్ లైను చివర్లో నెట్‌వర్క్ కాస్ట్ అని ఉంటుంది, వైర్‌కి 0, వైఫైకి 10, మొబైల్ డేటాకి వందల్లో. రెండు జంటలూ పాసైతే ముందు ఈ కాస్ట్ చూస్తుంది, తర్వాత ప్రయారిటీ, అన్నీ సమానమైతేనే చివర్లో రౌండ్ ట్రిప్ టైం. కాబట్టి పాప గదిలోకి పది మీటర్ల లాన్ వైర్ లాగించా, వైఫై ఊగిసలాట పోయింది. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం వర్చువల్ మెషీన్ల (లాప్‌టాప్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్ల) నెట్ అడాప్టర్లు నాలుగైదు ఉండి ఒక్కోటీ ఒక హోస్ట్ క్యాండిడేట్ పుట్టిస్తా ఉంది, ఎవరికీ పనికిరాని జంటలు పదుల్లో తయారై క్యూ పొడుగవుతుంది, కాల్ కలవడానికి టైం పడుతుంది. వీణ క్లాసుకి ఆ లాప్‌టాప్ వాడను.

రెండోది ఇంకా తమాషా. మిద్దె మీద అద్దెకుండే యూనివర్సిటీ పిల్లల కోసం గెస్ట్ వైఫై ఇచ్చా. ఒకరోజు నేను మిద్దె మీద ట్యాంకు చూస్తా ఫోన్ గెస్ట్ వైఫైలో ఉన్నట్టు తెలీకుండా కింద వంటింట్లో ఉన్న మా ఆవిడకి ఇదే పేజీలో కాల్ చేశా, ఐపీవీ6 ఆన్ చేయకముందు సంగతి ఇది. గెస్ట్ వైఫైలో డివైజులు ఒకదానికొకటి కనపడవు కాబట్టి హోస్ట్ జంట ఫెయిల్. బయటి అడ్రస్ ఇద్దరిదీ ఒకటే, బయటికి పోయి అదే ఇంటికి తిరిగి రమ్మంటే ఆ బాక్సుకి చేతకాదు, అదీ ఫెయిల్. ఇరవై మెట్లు దిగితే అయ్యే మాట సింగపూర్ పోయి వచ్చింది. మెయిన్ వైఫైకి మారితే 126 మార్కులోడు పాసై 3 మిల్లీసెకన్లు.

కెమెరా పర్మిషన్ ఇవ్వకుండా ఫైళ్ళు మాత్రం పంపుకునే పేజీల్లో హోస్ట్ అడ్రస్ స్థానంలో పొడుగాటి అక్షరాలు, చివర డాట్ లోకల్ అని కనపడితే కంగారు పడొద్దు, మన ఇంటి ఐపీ ఏ వెబ్‌సైటుకి పడితే దానికి తెలీకుండా బ్రౌజర్లు వేసే ముసుగు అది.

ఇంక మార్కులు. స్పీడ్‌కి ఐదుకి ఐదు. కరెంట్ పోయినా ఇన్వర్టర్ మీద లైన్ నిలబడుతుంది, దానికీ ఐదు. కస్టమర్ కేర్‌కి ఒకటిన్నర, ఆ అర కూడా మర్యాదగా మాట్లాడతారని. లైన్ అబ్బాయికి ఐదుకి ఆరు ఇవ్వాలనుంది. మొత్తం మీద మూడున్నర. ఐపీవీ6 ఆన్ చేసి ఇచ్చుంటే మొదటి రోజే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. మీలో ఎవరైనా భవానీనగర్, బైరాగిపట్టెడ వైపు ఇదే కనెక్షన్ తీసుకునే పనైతే బిగించడానికి వచ్చినప్పుడే రెండు అడగండి, ఐపీవీ6 ఆన్‌లో ఉందా, వ్యాన్ ఐపీ ఎంతతో మొదలవుతుంది అని. స్పీడ్ ఎంత అని అడగొద్దు, అది వాళ్ళే చెప్తారు.

ఇది రాసి పెట్టి పోస్ట్ చేద్దామనుకునే లోపల నిన్న సాయంత్రం క్లాసులో అక్క మళ్ళీ "తాళం, తాళం" అంది. పేజీ తెరిచి చూస్తే 41885439. కంపెనీ వాళ్ళు రాత్రి రౌటర్‌కి ఏదో అప్‌డేట్ తోశారంట, సెట్టింగులన్నీ పాతవైపోయినాయి. కేర్‌కి చేయలా, నేరుగా ఆ అబ్బాయికే చేశా. "అన్నా తిరుచానూరులో స్తంభం మీదున్నా, దిగినాక వస్తా" అన్నాడు.